మంత్రిగారికి ఆవిడ చెప్పిన జవాబు

ఐర్లండ్‌లోని లిమరిక్‌లో మా వైద్య పరికరాల ఫ్యాక్టరీకి రోజూ నా కారులో వచ్చే ఒక పెద్దావిడ ఉండేది. తూర్పు ఐరోపాలో ఏదో చిన్న దేశం ఆవిడది. కొత్త మేనేజరు వచ్చినా, రేడియోలో ఎవరి పేరు విన్నా, "ఇంతకు ముందు ఏం చేసేవాడు?" అని అడిగేది. నాకు విసుగొచ్చేది.

కారణం తర్వాత తెలిసింది. వాళ్ళ దేశంలో నియంతృత్వం నడిచిన రోజుల్లో ఒక పోలీసు అధికారి ఆవిడ తమ్ముణ్ణి కొట్టి చెవిటివాణ్ణి చేశాడు. ప్రజాస్వామ్యం వచ్చాక అలాంటివాళ్ళు ఎన్నికల్లో నిలబడకూడదని చట్టం చేశారు. దాని గడువు తీరాక ఎవరూ పొడిగించలేదు. ఆ పోలీసు అధికారి గెలిచి మంత్రి అయ్యాడు.

"మనిషి మారి ఉండొచ్చు కదా" అన్నాను ఒకసారి.

"మారనీ. ఇంట్లో కూర్చుని టమాటాలు పండించుకోనీ. ఉరి తీయమన్నానా? ఆ కుర్చీ ఒక్కటీ ఇవ్వొద్దన్నాను, అంతే!"

ఒక ఏప్రిల్‌లో ఆ మంత్రి తన దేశస్థులను కలవడానికి డబ్లిన్ వచ్చాడు. నేనే ఆవిడను తీసుకెళ్ళాను. "నా తమ్ముడి పేరు చెప్పి అందరి ముందూ నిలదీస్తాను" అని దారంతా అంటూనే ఉంది. గంట తర్వాత తిరిగొచ్చి కారెక్కి, తలుపు దబాలున వేసింది.

"అడిగారా?"

"చెయ్యి చాచి, 'ఇక్కడ చలి ఎక్కువా అమ్మా?' అన్నాడు నవ్వుతూ."

"మీరేమన్నారు?"

"అలవాటైపోయిందండీ అన్నాను."

పిడికిలితో తన మోకాలి మీదే గుద్దుకుంది.

"అండీ అన్నాను, వాణ్ణి!"