పదకొండింటి తనిఖీ

వీధిలో అందరూ ఆయన్ని కల్నల్ గారంటారు. నిజానికి ఆయన కల్నల్ కాదు, కల్నల్ జీపు నడిపిన డ్రైవరు. రిటైరయ్యేనాటికి హవల్దారు. పాలవాడు మొదటిసారి ఆ పిలుపు పిలిచినప్పుడు సరిదిద్దుదామనే ఆయన నోరు తెరిచాడు. కానీ చెవికి ఇంపుగా ఉండడంతో ఆ తెరిచిన నోటితోనే "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ"కి ఇప్పుడు ముప్ఫై ఏళ్ళు.

ఆయన ఘనకార్యాలు తక్కువేమీ కావు. ఊరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివి, పద్దెనిమిదో ఏట సైన్యంలో చేరాడు. ఒకపక్క కొండ, ఒకపక్క లోయ ఉండే మంచుదారుల్లో లైట్లు ఆర్పేసి బండి నడిపాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్క బండినీ బోల్తా కొట్టించలేదు. రెండు పతకాలు, ఒక ప్రశంసాపత్రం, ఒక అరిగిపోయిన మోకాలు సంపాదించాడు. అడిగినవాళ్ళకు ఇదంతా చెబుతాడు. అడగనివాళ్ళకు ఇంకా వివరంగా చెబుతాడు.

అయితే వినేవాళ్ళే తగ్గిపోతూ వచ్చారు. ఒకప్పుడు బడి వార్షికోత్సవంలో ఆయనకు వేదిక మీద కుర్చీ వేసేవారు. తర్వాత అది ముందు వరుసలోకి దిగింది, ఆ తర్వాత షామియానా గుంజ పక్కకు జరిగింది. ఇప్పుడు పిలుపే లేదు. బ్యాంకులో మాజీ సైనికులకు వేరే కిటికీ ఉండేది. ఆ చోట ఇప్పుడు మంచినీళ్ళ యంత్రం పెట్టారు.

"మంచి పనే చేశారు. అది మీట నొక్కితేనే పోస్తుంది, నేను నొక్కకుండానే కబుర్లు పోసేవాణ్ణి" అని ఆయనే అంటాడు.

ఇక మిగిలింది మాజీ సైనికుల సంఘం గది ఒక్కటే. రేకుల కప్పు, ఒక బీరువా, పద్నాలుగు కుర్చీలు. సైనిక సంక్షేమ కార్యాలయం పంపే డాక్టరు ప్రతి బుధవారం నర్సుతో అక్కడికి వస్తాడు. అక్కణ్ణించి ఇంటికొచ్చి కల్నల్ గారి భార్య కాలి పుండుకు కట్టు కట్టేది ఆ డాక్టరే. ఆమెకు షుగరు. ఆర్నెల్లుగా మొండికేసిన పుండు ఇప్పుడిప్పుడే దారికొస్తోంది. పెద్దాసుపత్రికి రెండు బస్సులు మారాలి. ఆమె వీధి మలుపు దాకా కూడా నడవలేదు. కట్టు తప్పితే వేళ్ళు తీసేయాల్సి వస్తుందని డాక్టరు మొదటి వారమే చెప్పాడు.

అలాంటి సమయంలో సంక్షేమ కార్యాలయం నుంచి అధ్యక్షుడికి ఉత్తరం వచ్చింది. శుక్రవారం పదకొండింటికి తనిఖీ. ఆ వేళకు పదిమంది సభ్యులైనా గదిలో లేకపోతే గది మూసేస్తారు, డాక్టరు రావడమూ ఆగిపోతుంది.

సభ్యులు పదమూడుమంది ఉన్నారు, అందరూ నడవగలిగినవాళ్ళే. సంఘం కార్యదర్శి హోదాలో కల్నల్ మీసం దువ్వుకున్నాడు.

అక్కడే సైన్యపు బుద్ధి అడ్డం తిరిగింది. సైన్యంలో పైవాడు పదకొండంటే కిందివాడు పదిన్నరంటాడు, వాడి కిందివాడు పదంటాడు. ఆలస్యమైతే మాట తనకొస్తుందని ప్రతివాడూ ఇంత ముందుకు జరుపుతాడు. సంఘం అధ్యక్షుడు, మాజీ సుబేదారు, కల్నల్‌కు పదింటికన్నాడు. కల్నల్ పక్కవీధిలోని బాకాకు తొమ్మిదన్నాడు. బాకా అంటే పటాలంలో బాకా ఊదిన మనిషి, ఇప్పటికీ అదే ఆయన పేరు. బాకా మిగతావాళ్ళకు ఫోన్లు చేసి ఎనిమిదన్నాడు. వాళ్ళూ సైనికులే గనక ఏడింటికే వచ్చేశారు. కల్నల్ కూడా వాళ్ళతోపాటే దిగాడు. ఇస్త్రీ చొక్కాలు, పతకాలు, తళతళలాడే బూట్లు.

"చూశావా బావా, క్రమశిక్షణంటే ఇదీ!" అన్నాడు కల్నల్ బాకాతో.

"చూశాను. తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

తాళంచెవి అధ్యక్షుడి దగ్గరుంది. ఆయన పదింటికి గాని రాలేదు. పన్నెండుమంది మూడు గంటలు ఎండలో వరుసగా నిలబడ్డారు.

పదకొండైంది. అధికారి జాడ లేదు. పన్నెండైంది. షుగరు మాత్ర వేసుకున్న ఒకాయన, కళ్ళు తిరుగుతున్నాయని అన్నానికి లేచాడు.

"యుద్ధంలో కూడా ఇలాగే లేచిపోయావా?" అని అడ్డం పడ్డాడు కల్నల్.

"యుద్ధంలో వేళకి అన్నం పెట్టేవాళ్ళయ్యా!"

ఆయన వెనకే ఇద్దరు జారుకున్నారు. ఒకాయన కోడలు స్కూటరేసుకుని వచ్చి, "పొద్దున ఆరున్నరకి బయల్దేరారు, ఇంకా ఇక్కడేనా మామయ్యా? ఎక్కండి" అని పతకాలతో సహా ఎక్కించుకుపోయింది. ఇంకొకాయన నడుం వాల్చి వస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు.

ఒకటిన్నరకు అధికారిణి వచ్చింది. కల్నల్ మనవరాలి వయసు ఉంటుంది.

"ఆలస్యమైంది తాతగారూ. పొద్దున్నుంచి ఇది నాలుగో గది. మూడు మూసే వచ్చాను" అంటూ తలలు లెక్కపెట్టింది. ఎనిమిది.

కల్నల్ జరిగిందంతా చెప్పాడు. పదకొండు ఎలా ఏడయిందో విని ఆ పిల్ల కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది.

"నవ్వానని ఏమీ అనుకోకండి. కానీ పదిమంది లేకపోతే నేనేం రాయలేను."

"అమ్మా, మా ఆవిడ కాలు..." అన్నాడాయన. జీవితంలో ఎవరినీ బతిమాలలేదని చెప్పుకునే మనిషికి బతిమాలడం ఎలాగో తెలియలేదు.

ఆమె హాజరు పుస్తకం బల్లమీద పెట్టింది. "నేను చేతులు కడుక్కుని వస్తాను. కుళాయి వెనకుందా?"

ఆమె అటు వెళ్ళగానే అధ్యక్షుడు గుసగుసలాడాడు. "కానియ్. అర్థం కాలేదా?"

అర్థమైంది. కానీ కల్నల్, పటాలంలో సొంత బావమరిది పది నిమిషాలు ఆలస్యంగా వస్తే గైర్హాజరు వేసి శిక్ష వేయించిన మనిషి. పదకొండేళ్ళు ఆ బావమరిది ఆయనతో మాట్లాడలేదు. దాన్ని కూడా ఘనకార్యాల్లో మూడోదిగా చెప్పుకునేవాడు. ఇప్పుడు కలం మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తీశాడు. భార్య కాలివేళ్ళు తలుచుకున్నాడు. ఇంటికెళ్ళి అన్నం తింటున్న ఇద్దరిని హాజరు చేసేశాడు.

అధికారిణి తిరిగొచ్చి పుస్తకం చూసింది. "వీళ్ళిద్దరూ అన్నదమ్ములా తాతగారూ? సంతకాలు ఒకేలా ఉన్నాయి."

అందరూ రేకుల వైపు చూశారు. బాకా దగ్గి, "ఒకే బళ్ళో చదివారమ్మా" అన్నాడు.

"పంతులు గట్టివాడే" అని ఆమె కింద సంతకం పెట్టింది.

ఇంట్లో భార్య కాలు బల్లమీద చాపుకుని కూర్చుంది. "ఎంతమందున్నారు?"

"పదిమంది."

"బాకా అన్నయ్య ఎనిమిదిమందే అన్నాడే ఫోన్లో."

ఆయన బూట్లు విప్పడంలో మునిగిపోయాడు.

"మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్పనా, మీ బావగారు దొంగ హాజరు వేశారని?"

"చెప్పు. వాడు ఇన్నేళ్ళకి కడుపునిండా నవ్వుకుంటాడు. నేను కూడా మాట్లాడతాను, ఇలా ఇవ్వు."

బుధవారం డాక్టరు ఇంటికి వచ్చాడు, కానీ ఒక్కడే వచ్చాడు. నర్సు పోస్టు తీసేశారట. "ట్రే ఎవరైనా పట్టుకోవాలండీ, కదలకుండా" అన్నాడు.

"నేను పడతాను. హవల్దారుగా రిటైరైనవాణ్ణి, ఇన్నాళ్ళకి ప్రమోషనొచ్చింది" అన్నాడాయన. డాక్టరు పాత కట్టు విప్పుతున్నంతసేపూ, అరిగిన మోకాలి మీద వంగి, ట్రే పట్టుకుని నిలబడ్డాడు.