రొయ్య పడని అల్లుడు

2021 మార్చి, నాలుగో సోమవారం, రంగూన్‌లోని తామ్వే. హాజరైనవారు: బిస్కట్ల ఫ్యాక్టరీ మేనేజరు ఊ తిన్ లాట్, ప్యాకింగు మేస్త్రీ అప్పన్న, ఆహార భద్రతాధికారిగా నేను. చర్చించిన విషయం: కీచురాళ్ల పిండి.

పాలపొడి దిగుమతి ఆగిపోవడంతో మేనేజరు ఎండు కీచురాళ్లను పొడి కొట్టించి బిస్కట్లలో కలిపించాడు. వేయించిన కీచురాళ్లు మా వీధుల్లో కొత్త కాదు. కానీ బిస్కట్లో అవి కంటికి కనబడవు. చూసి వద్దనుకునే వీలు తినేవాడికి లేదు గనుక ఆ పని నా మీద పడింది.

కొత్త ప్రోటీను వల్ల ఎలర్జీ వస్తుందా అని తేల్చేటప్పుడు ముందు దాని చుట్టాలెవరో చూస్తాం. కీచురాయికి రొయ్య చుట్టమే. తర్వాత దాని నిర్మాణాన్ని, ఎలర్జీ తెచ్చే ప్రోటీన్ల జాబితాతో పోలుస్తాం. ఆ జాబితా ఇంటర్నెట్‌లో ఉంది. సైన్యం గద్దెనెక్కాక ఇంటర్నెట్ ఊళ్లో లేదు. ఇక మిగిలింది చుక్కల పరీక్ష. కాగితప్పట్టీ మీద కీచురాయి ప్రోటీను ఒక చుక్క, పోలికకు రొయ్యది ఒక చుక్క పెట్టి, రొయ్య ఎలర్జీ ఉన్నవారి రక్తరసంలో నానబెడతాం. రక్తరసం పట్టుకున్న చుక్క నీలంగా మారుతుంది.

ఆ రక్తరసం విదేశం నుంచి రావాలి, విమానాలు లేవు. అందుకని రొయ్య పడనివారెవరైనా ఉన్నారా అని ఫ్యాక్టరీలోని మన తెలుగువాళ్లను అడిగాను. అప్పన్న చెయ్యి చాచాడు.

ఆ సోమవారం కీచురాయి చుక్క తెల్లగానే తేలింది. మేనేజరు సంబరపడి, సంతకం పెట్టేయండి, రేపు ఉదయమే సరుకు బయటికి పంపుతానన్నాడు. అప్పన్నకు ఓ ప్యాకెట్టు బహుమానంగా కూడా ఇచ్చాడు. నేను పక్క చుక్క చూశాను. రొయ్యదీ తెల్లగానే ఉంది. నిజంగా రొయ్య ఎలర్జీ ఉన్నవాడి రక్తరసమైతే అది నీలమవ్వాలి.

"రొయ్య తింటే నీకు ఏమవుతుంది?" అని అప్పన్నను అడిగాను. అతను నన్ను బర్మా పద్ధతిలో సయా, అంటే అయ్యా, అంటాడు.

"ఏటవుతాది సయా? ఏటీ అవదు. మాయత్త ఒండుతాది. ఆవిడికీ నాకూ పడదు. ఆవిడొండిన రొయ్యా పడదు."

మేనేజరుకు బర్మీస్‌లో చెబితే తల పట్టుకున్నాడు.

"మరి ఆవిడ తింటుందా?"

"ఒండుతాది గానీ ముట్టదు. ముడితే మూతి వాసిపోయి ఊపిరాడదంట. అన్నీ యేసాలు!"

"ఆ ప్యాకెట్టు ఎవరికి?"

"ఆవిడికే. పోనీ తింటాదని."

ప్యాకెట్టు తీసేసుకున్నాను. దారి పొడుగునా ఇసుక బస్తాల అడ్డుగోడలు. ఆస్పత్రులు సగం మూతబడ్డాయి. గొంతు వాచిన మనిషిని ఎక్కడికి తీసుకెళ్లాలో ఆ రోజు నాకైతే తెలియదు. సంతకం పెట్టలేదు. మేనేజరు రుసరుసలాడాడు.

మర్నాడు ఉదయం అప్పన్న అత్తగారు, బర్మా మర్యాదలో డా పోలమ్మ, అడ్డుగోడల సందుల్లోంచి నడిచి తానే వచ్చింది. కుర్చీలో కూర్చోకుండానే చెయ్యి చాచింది.

"మా అల్లుడి రత్తం తీసేరంట గదా. అందులో ఏటుంటాది, బద్దకం తప్ప? నాది తియ్యండి."

ఆమె రక్తరసంతో రెండు చుక్కలూ నీలమయ్యాయి. రొయ్య తింటే వాపు, దద్దుర్లు వచ్చేవారు తినరాదన్న హెచ్చరిక ప్రతి ప్యాకెట్టు మీదా అంటించే షరతుతో సంతకం చేశాను. ఎలర్జీ పరీక్షకు మనిషిని ఎంచేటప్పుడు "పడుతుందా" అని అడగకూడదు, తింటే ఒంట్లో ఏమవుతుందో అడగాలి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ అలాగే అడిగాను.