నూట పదహారు శాతం నీళ్ళు

పాలమూరు నుంచి వలస వచ్చి, మాదాపూర్‌లో లేస్తున్న అద్దాల మేడలకు ఇటుకలు మోసి నడుం పోగొట్టుకున్న మనిషి యాదమ్మ. అది తొంభై ఎనిమిది ఎండాకాలం. మేడల వెనక బస్తీలో సరిగ్గా వంద గుడిసెలు. పల్లంలో అరవై, బండల మీద నలభై. యాదమ్మది బండల మీద. కోడలు రేణుక పచ్చి బాలింత. ఆమె స్నానానికి నీళ్ళంటే, పల్లంలో ఉన్న బాలమ్మ దయతలచి పోసే రెండు బిందెలే.

పల్లంలోనే ఆగిపోయే నీళ్ళ లారీ బండల దాకా రావాలని యాదమ్మ అర్జీ పెడితే ఆఫీసువాళ్ళు ఇంటింటికీ తిరిగారు. బోరింగా, లారీయా, నల్లానా? కాగితంలో ఆ మూడే గడులు. పల్లంవాళ్ళు చాలామంది రెండూ మూడూ చెప్పారు. పాపం, ఉన్నమాటే. యాదమ్మ ఏదీ లేదంది. ఆ మాట రాసుకోవడానికి గడి లేదు.

వారం తర్వాత ఆమె ఆఫీసుకు వెళ్తే గుమస్తా పట్టాభిరామయ్య ముఖం వెలిగిపోతోంది.

"చూడమ్మా, బోరింగు యాభై రెండు శాతం, లారీ నలభై, నల్లా ఇరవై నాలుగు. మొత్తం నూట పదహారు! పెళ్ళిలో చదివించినట్టు శుభంగా వచ్చింది. వందతోనే అందరికీ అందినట్టు. పైగా మీ బస్తీకి పదహారు మిగులు."

అక్షరమ్ముక్క రాని యాదమ్మకు తప్పు తెలిసిపోయింది. డిగ్రీ చదివిన ఆయనకు తెలియలేదు. ఒళ్ళు మండదూ మరి!

"సారూ, బాలమ్మ ఒక్కతే మూడు తీర్ల నీళ్ళు వాడుతది. మీరు ఆమెను మూడుసార్లు లెక్కవెట్టిన్రు. ఒక్కడే మూడు బంతుల్ల కూసొని తింటే మూడు ఇస్తరాకులు లేస్తయి. గంతమాత్రాన గుమ్మం కాడున్నోని కడుపు నిండుతదా?"

పట్టాభిరామయ్యకు అర్థమైంది. అర్థమైనా, "కాగితం పైకి వెళ్ళిపోయిందమ్మా" అన్నాడు. తప్పు దిద్దితే తన మీదికొస్తుందని భయం.

పైనుంచి జవాబు చురుగ్గానే వచ్చింది. నీళ్ళు మిగులు ఉన్నాయి కనక ఆ బస్తీకి లారీ అక్కర్లేదట. పల్లానికి వస్తున్నదీ ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే యాదమ్మ బిందె పట్టుకుని వెళ్తే బాలమ్మ నల్లాకు అడ్డంగా నిలబడింది.

"ఆఫీసుకు ఎవలు పొమ్మన్నరే నిన్ను? వచ్చే లారీని బంద్ చేయిస్తివి. ఇగ మాకే సాలుతలేవు, ఇటు రాకు."

యాదమ్మకు ఏడుపొచ్చింది. ఎవరిని తిట్టాలో తెలియక ఖాళీ బిందెతో బండలెక్కింది. రేణుక అప్పటికే తలకు నూనె పెట్టుకుని, స్నానానికి పీట మీద కూర్చుని ఉంది.