ముప్పై నాలుగు చలికాలాల డ్రైవరు

సైమికి యాభై తొమ్మిదేళ్లు. ఫిన్లాండ్ ఉత్తర కొసన ముప్పై నాలుగు చలికాలాలుగా టాక్సీ నడుపుతోంది. ఆమె బండెక్కిన మనిషికి ఇంతవరకు చిన్న గీత కూడా పడలేదు. అదంతా అదృష్టమని ఎవరైనా అంటే ఆమెకు ఒళ్లు మండుతుంది. పంతొమ్మిదేళ్లప్పుడు బద్ధకించి, ముందు అద్దం మీద అరచేయంత మేర మాత్రమే మంచు గీకి బయల్దేరి, తండ్రి వ్యానును చెట్టుకు గుద్దింది. మూడు నెలలు మంచం దిగలేదు. ఆ తర్వాత అద్దాలు, లైట్లు, పైకప్పు శుభ్రంగా దులపకుండా బండి కదిపి ఎరగదు.

వారానికి మూడుసార్లు ఆమె బండిలో ఆసుపత్రికి వెళ్లేవాడు అర్మాస్. అడవిలో దుంగలు కొట్టి బతికిన డెబ్బై ఆరేళ్ల ముసలాయన. కిడ్నీలు పాడై డయాలిసిస్ మీద ఉన్నాడు.

ఆ జనవరి మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి బయల్దేరబోతూ, డిక్కీలోని పార, ఇసుక బస్తా, ఉన్ని దుప్పట్లు చూసి నవ్వాడు.

"ఏం పిల్లా, కాపురం ఎత్తేస్తున్నావా?"

"నీ సణుగుడు మోయాలంటే ఆ మాత్రం సరంజామా ఉండాలి. బెల్టు పెట్టుకో."

సగం దారిలో గాలి లేచింది. మలుపు దాటగానే ఒక లారీ రోడ్డుకు అడ్డంగా తిరిగి నిలిచిపోయి ఉంది. సైమి ఫోను చేస్తే, మంచు తీసే బండి రావడానికి రెండు గంటలు పడుతుందన్నారు.

"రెండు గంటలా! కొయ్యబారిపోతాం."

"ఏం కాదు. టాంకు నిండుగా ఉంది."

ఆమె ముసలాయనకు రెండు దుప్పట్లు చుట్టి ఇంజిను ఆపేసింది. లోపల చల్లబడ్డప్పుడల్లా దిగి, పొగగొట్టం చుట్టూ మంచు తోడేశాకే కాసేపు ఇంజిను నడిపేది. మూడోసారి దిగినప్పుడు వెనకున్న కారు మీద చూపు పడింది. బంపరు దాకా మంచు పేరుకుంది. ఇంజిను మాత్రం నడుస్తూనే ఉంది.

పరుగున వెళ్లి తలుపు లాగింది. లోపల ఒక మనిషి స్టీరింగు మీద వాలిపోయి ఉన్నాడు. ఇంజిను ఆపి, చంకల కింద చేతులేసి బయటికి ఈడ్చింది. చల్లగాలి తగిలాక అతను కళ్లు తెరిచి భళ్లున కక్కుకున్నాడు.

"తల పగిలిపోతోంది... కాస్త కునుకు తీద్దామనుకున్నా."

"తీసుంటే మళ్లీ లేచేవాడివి కాదు. గొట్టం పూడిపోయి పొగంతా నీ కార్లోకే ఎక్కుతోంది!"

అంబులెన్సుకు ఫోను చేసి, అతన్ని తన టాక్సీలో కూర్చోబెట్టి, అద్దం కాస్త దించింది. అర్మాస్ తన పై దుప్పటి తీసి అతనికి కప్పాడు. అతని పేరు యార్కో. దక్షిణాది నుంచి వచ్చిన ఫ్రిజ్ మెకానిక్. మంచు తీసే బండి వెనకే అంబులెన్సు వచ్చి అతన్ని తీసుకెళ్లింది.

లారీని పక్కకు లాగి దారి తెరిచాక సైమి అద్దాలు దులిపి బండి కదిపింది.

"భయపడ్డావా?" అన్నాడు అర్మాస్.

"వాడి మొహం చూడగానే భయమేసింది. చేతులకు మాత్రం పని తెలుసు."

ఆదివారం యార్కో ఫోను చేశాడు. కృతజ్ఞతలు చెప్పబోతుంటే సైమి ఆపింది.

"అవి తర్వాత. కాగితం తీసుకో. నీ కారు బ్యాటరీ ఎన్నేళ్లది?"

చలికాలానికి బండిని ఎలా సిద్ధం చేసుకోవాలో గంటసేపు ఆమె చెప్పింది, అతను రాసుకున్నాడు.