తలుపు అవతల అత్తగారు

ఆ డాక్టరమ్మకు కన్నవాళ్ళు పెట్టిన పేరు బోర్డు మీద ఉంది గానీ, దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. మందుల షాపువాళ్ళ దగ్గర్నుంచి ఆటోవాళ్ళ దాకా అందరికీ ఆవిడ 'బయటికెళ్ళండి డాక్టరమ్మ'. పేషెంటు కుర్చీలో కూర్చోగానే వెంట వచ్చినవాళ్ళను చూసి ఆవిడ అనే మొదటి మాట అదే. మొగుళ్ళు బతికిపోయాం అనుకుంటూ వెళ్ళేవారు. తల్లులు నొచ్చుకుంటూ వెళ్ళేవారు. అత్తగార్లతోనే వచ్చేది చిక్కు. వాళ్ళను కదిలించడానికి రెండోసారి చెప్పాలి, ఒక్కోసారి గొంతు కూడా పెంచాలి.

ఆవిడ పట్టుదల ఊరికే వచ్చింది కాదు. "నొప్పెక్కడమ్మా?" అని కోడల్ని అడిగితే "పొత్తికడుపులో" అని అత్తగారు చెబుతుంది. "నెలసరి సరిగ్గా వస్తోందా?" అంటే "దానికేం, ఠంచనుగా వస్తుంది" అంటుంది. కోడలు గోళ్ళు చూసుకుంటూ కూర్చుంటుంది. పైగా డాక్టరమ్మ కూడా ఒకప్పుడు కోడలే. తొలి కాన్పుకు వెళ్ళినప్పుడు, తాను ఇదే చదువు చదివి ఉండి కూడా, తన నొప్పుల సంగతి అత్తగారు మరో డాక్టరుకు విడమరిచి చెబుతుంటే నోరు మూసుకుని పడుకుంది. ఆ మంట ఇన్నేళ్ళయినా చల్లారలేదు. కాబట్టి అత్తగార్ల మీద ఆవిడకు కాస్త కక్ష ఉందంటే అబద్ధం కాదు.

ఒక మధ్యాహ్నం ఓపీ అయిపోయి చేతులు కడుక్కుంటుంటే, ఒక పెద్దావిడ కోడల్ని నడుం చుట్టూ చెయ్యేసి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఆ అమ్మాయి బట్టల షాపులో కుట్టుపని చేస్తుంది. పొద్దున్నుంచి కడుపునొప్పి, వాంతులు. షాపులో కళ్ళు తిరిగి మిషను మీదే వాలిపోయిందట. భర్త బస్సు డ్రైవరు, దూరం డ్యూటీలో ఉన్నాడు. పెళ్ళై ఆరేళ్ళయినా పిల్లల్లేరు. పెద్దాసుపత్రిలో సూదులూ మందులూ అన్నీ అయి, విసిగిపోయి కిందటేడు మానేశారు. ఇదంతా అత్తగారే చెప్పింది, డాక్టరమ్మకు ఒళ్ళు మండింది.

"మీరు బయటికెళ్ళండమ్మా."

"ఒక్క మాట చెప్పి పోతానమ్మా..."

"తనకి నోరుందిగా. తను చెప్తుంది."

పెద్దావిడ బయటికి వెళ్ళిపోయింది. వెళ్ళి కూర్చోలేదు. తలుపు కింది సందులోంచి ఆవిడ పాదాలు రెండూ కనిపిస్తూనే ఉన్నాయి.

డాక్టరమ్మ గొంతు తగ్గించి, మెత్తగా అడిగింది. "నెల తప్పిందా తల్లీ?"

అమ్మాయి కళ్ళు ఆ పాదాల మీదే ఉన్నాయి. "లేదండీ. మొన్ననే అయింది."

"నిజంగానా? ఇక్కడ పరాయివాళ్ళెవరూ లేరు."

"నిజమేనండీ."

అత్తగారంటే ఎంత హడలిపోతోందో పాపం, అనుకుంది డాక్టరమ్మ. అయినా మూత్రం పరీక్ష రాసింది. వాంతులతో ఒళ్ళు ఎండిపోయి ఉందేమో, అమ్మాయికి చుక్క కూడా రాలేదు. నాడి కొంచెం వేగంగా ఉంది, బీపీ కొంచెం తక్కువగా ఉంది. అదీ వాంతుల వల్లే అనుకోవచ్చు. సెలైను పెట్టించి, అది ఎక్కాక చూద్దామంది. నలుగురిలో చెప్పిన మాటను చచ్చినా నమ్మని మనిషి, చాటుగా చెప్పిన మాటను మాత్రం కళ్ళు మూసుకుని నమ్మేసింది.

సెలైను సగం కూడా ఎక్కకముందే తలుపు తోసుకుని పెద్దావిడ వచ్చింది.

"మీకు చెప్పానా లేదా..."

"తర్వాత తిట్టండమ్మా, పడతాను." ఆవిడ డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కెళ్ళింది. "పిల్లకి నెల తప్పింది. ఇది రెండో నెల."

"తను లేదంటోందే."

"నాకు వినపడుతుందనే అలా అంది. నేనక్కడే నిలబడ్డానుగా."

"మీకెలా తెలుసు?"

"ఒకే బాత్రూమమ్మా మాది. పాడ్ల ప్యాకెట్టు విప్పకుండా అలాగే ఉంది. ఉల్లిపాయలు వేగుతుంటే ముక్కు మూసుకుని పెరట్లోకి పోతోంది. అందుకే పొద్దున్నే నీళ్ళ బకెట్లు నేనే మోసేస్తున్నా. నా మోకాళ్ళకి మంచిదని డాక్టరు చెప్పాడని అబద్ధం చెప్పా."

"మరి తననే అడగొచ్చుగా?"

పెద్దావిడ కొంగుతో మూతి తుడుచుకుంది. "ఎలా అడగను? ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలబడి, పోయింది. రెండుసార్లూ నా దగ్గరికొచ్చి, 'క్షమించండత్తయ్యా' అంది. పోగొట్టుకున్నది తను, క్షమించమన్నది నన్ను. ఆ మాట మళ్ళీ వినే ఓపిక నాకు లేదమ్మా. తనంతట తను చెప్పేదాకా తెలియనట్టే ఉందామనుకున్నా."

డాక్టరమ్మకు తల కొట్టేసినట్టయింది. అంతలో లోపల్నుంచి నర్సు పిలిచింది. "మేడమ్, కుడి భుజం లాగేస్తోందట."

కడుపులో నెత్తురు నిండితే నొప్పి భుజంలో తెలుస్తుంది. స్కానులో గర్భసంచి ఖాళీగా ఉంది, దాని చుట్టూ అంతా నెత్తురే. పిండం దారిలోనే, ట్యూబులో ఆగిపోయి పెరిగింది. ఆ ట్యూబు పగిలింది. ఆలస్యం చేస్తే మనిషి దక్కదు. రక్తానికి మనిషిని పరుగెత్తించి, మత్తుమందు డాక్టరుకు ఫోను చేయించి, డాక్టరమ్మ పెద్దావిడ ముందుకొచ్చింది.

"బిడ్డ దక్కదమ్మా. ట్యూబు తీసేయాలి. ముందు అమ్మాయిని కాపాడుకోవాలి."

"అమ్మాయిని కాపాడండి చాలు," అంది పెద్దావిడ. స్ట్రెచరు కదిలాక మళ్ళీ వెనకే వచ్చి గుసగుసగా అంది. "నాకు తెలుసని మాత్రం తనకి చెప్పకండి."

ఆపరేషను సాయంత్రానికి అయింది. డాక్టరమ్మ జాకెట్టు వీపంతా చెమటతో తడిసింది. ఆ పెద్దావిడ తలుపు తోసుకుని రాకపోయి ఉంటే అన్న ఆలోచన వచ్చింది. సిగ్గుగా ఉంది, భయంగానూ ఉంది.

మత్తు దిగాక అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పింది. ఒక ట్యూబు పోయింది, రెండోది బాగుంది, ఆశ తగ్గింది గానీ తీరిపోలేదు అంది. అమ్మాయి కంట తడి పెట్టకుండా విన్నది.

"డాక్టరుగారూ, అత్తయ్యకి ఏదో గడ్డని చెప్పండి."

"ఎందుకమ్మా?"

"ఆవిడ ఆశపడి నీరుగారిపోయినప్పుడల్లా నేను చూశాను. ఆ మొహం మళ్ళీ చూడలేను. ఈసారి తెలియకముందే అయిపోయింది. ఆ ఒక్కటే నయం."

ఒకే పొయ్యి దగ్గర వండుకు తినే ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరి మనసు నొప్పించకూడదని ఒకరు దాచి, దాచి, ఇంత దాకా తెచ్చుకున్నారు. ఇంకా దాచుతానంటున్నారు. పేషెంటు గుట్టు, పెద్దావిడ కోరిక, రెండూ ఆవిడ చేతుల్లోనే ఉన్నాయి. ఏదో ఒకటి విప్పక తప్పదు.

"ఆవిడకి మొదట్నుంచీ తెలుసమ్మా," అంది. "నువ్వు మొయ్యకూడదని బకెట్లు తనే మోస్తోంది."

అమ్మాయికి ఇంతసేపూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. కుట్లు లాగుతున్నా ఆగలేదు.

"అయితే ఆవిడా పోగొట్టుకుంది కదండీ," అంది. "బయట ఒక్కతే ఉందా?"