చెంప మీది గీత

పాళీతో నీడలు గీసే పాత పద్ధతిని టాబ్లెట్ మీద సాధన చేస్తున్నానంటే మా కర్నూలు చిత్రకారులు కొందరు నవ్వేవారు. గీత తప్పితే రెండు వేళ్ళతో తట్టి చెరిపేసుకునేవాడికి ఇంకు కష్టం ఏం తెలుసని వాళ్ళ ఎత్తిపొడుపు. నాకు ఒళ్ళు మండేది. అందుకే ఏదీ చెరపకూడదని పంతం పట్టాను. నీడ పలచగా ఉన్నచోట ఒకవైపు వాలిన సన్నగీతలు, చిక్కబడేచోట వాటి మీద అడ్డగీతలు, ఇంకా నల్లబడితే మూడో వరస. ఒక్కో వరస ఒక్కో పొరలో, ఒకదాని మీద ఒకటి పరిచిన పలచటి కాగితాల్లా. నీడ దొరికితే ముఖం దొరికినట్టేనని గొప్పలు చెప్పుకునేవాణ్ణి.

ఆ గొప్పలు ఎవరి నోట విన్నదో, కోసిగి నుంచి ఒకామె వచ్చింది. వెంట ఆమె భర్తకు అన్న. భర్త మూడేళ్ళ కింద మిరప కోతలకని గుంటూరు వైపు సుగ్గికి వలసపోయి తిరిగి రాలేదట. కనబడుటలేదని రైల్వే స్టేషన్లలో అంటించడానికి బొమ్మ కావాలి. పెళ్ళి ఫొటోలు తీయించుకోలేదు, కార్డులన్నీ అతని సంచితోనే పోయాయి. మిగిలింది ఫోన్లో ఒక్క ఫొటో. లారీ పక్కన పదిమంది నిలబడి ఉన్నారు, అతని ముఖం కందిగింజంత ఉంది. పెద్దది చేస్తే గళ్ళు గళ్ళుగా విడిపోయింది. దాన్నే అడుగు పొరగా పెట్టి పైన గీశాను.

ఆ గళ్ళలో కళ్ళు లేవు. నేనే పెట్టాను. ఎడమ కంటి కింద నుంచి దవడ దాకా ఒక నల్లటి చార ఉంది. చెంప మీద లోతైన గీత అనుకుని మూడు వరసలూ అక్కడే కుమ్మరించాను. నా జన్మలో అంత బాగా కుదిరిన చెంప ఇంకోటి లేదు. అచ్చం మావాడేనని అన్న మురిసిపోయాడు. ఆమె మాత్రం ఆ గీత మీద వేలు పెట్టి, ఏదో అనబోయి, తీసేసింది. ఒక కాపీ తనకని అడిగి తీసుకుపోయింది.

పోస్టర్లు అంటించిన వారానికి ఆ ఫొటో మళ్ళీ చూశాను. అదే చార పక్కవాడి భుజం మీదికి సాగి ఉంది. లారీకి కట్టిన మోకు నీడ అది. ఫోన్ చేసి చెప్పాలి. చెప్పలేదు. చెబితే ఆ చెంప మార్చాలి. ఉత్త అహంకారం, ఇంకేం కాదు.

మూడు నెలల తర్వాత తమ్ముడు దొరికాడని అన్న ఫోన్ చేశాడు. ఏదో స్టేషన్లో ఎవరో పోస్టరుతో పోల్చి కబురు చేశారట. మనిషి మాట్లాడటం లేదు, ఊరి పెద్దలు బొమ్మను దగ్గరగా పోల్చి చూస్తారు, టాబ్లెట్ తీసుకుని రమ్మన్నాడు. పోయాను.

మిట్టమధ్యాహ్నం. కోసిగిలో వాళ్ళ ఇంటి అరుగు మీద ఆ దొరికిన మనిషి కూర్చుని ఉన్నాడు. అలికిడికి తల తిప్పాడు. కంటి కింద నుంచి దవడ దాకా అదే గీత. దెబ్బ తగిలిన మచ్చ కాదు, పుట్టుకతో వచ్చిన మడతలా ఉంది. కళ్ళు కూడా నేను పెట్టినవే. మూడో వరస ఎక్కడ మొదలుపెట్టానో సరిగ్గా అక్కడే నీడ చిక్కబడింది. నన్ను ఎరిగినవాడిలా రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

గీతే సాక్ష్యమన్నారు పెద్దలు. స్నానానికి నీళ్ళు కాగుతున్నాయి, కొత్త పంచె తెచ్చారు. గడపలో నిలబడ్డ ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఇంకా నోరు మూసుకుంటే ఆమె ఇంట్లోకి పరాయి మనిషిని నేనే తోసినవాణ్ణవుతాను.

"ఆ గీత మీ ఆయనది కాదమ్మా. మోకు నీడ. నేను పొరపాటు చేసినాను."

"మరి ఈయప్పకు యాడినుంచి వచ్చింది?" అన్నాడు అన్న.

ఆమె వచ్చి అతని ముందర కూర్చుంది. రెండు చేతులూ తిప్పి తిప్పి చూసింది. ఆ చేతులు తన భర్తవి కావంది. ఈయన కోసం కూడా ఎవరో వెతుకుతుంటారు, ముందు అన్నం పెట్టండని లోపలికి కేకేసి, నా వైపు తిరిగింది.

"గీత లేదని నాకు ఆ పొద్దే తెలుసన్నా. సదువుకున్నోనివి, నీకేదో కనబడింటాది అనుకుంటి. దినామూ దీన్నే చూస్తాంటి. ఇప్పుడు కండ్లు మూసుకుంటే ఈ మొగమే వస్తాండాది. మా ఆయన మొగం రాల్యా. నీ గీతలు తీసెయ్యి."

టాబ్లెట్ తెరిచాను. మూడో వరస తీశాను. అడ్డగీతలు తీశాను. పొర తీసిన ప్రతిసారీ తలెత్తి అరుగు మీది మనిషి చెంప చూడకుండా ఉండలేకపోయాను. గీత అలాగే ఉంది. అతను అన్నం ముద్ద చేతిలో పట్టుకుని నా వేళ్ళనే చూస్తున్నాడు. సన్నగీతలు తీశాను. చివరికి కళ్ళు కూడా తీసేశాను. అడుగున ఫొటోలోని తెల్లవీ నల్లవీ గళ్ళు మిగిలాయి.

ఇక్కడ ఏమీ లేదని అన్న విసుక్కున్నాడు. ఆమె ఎండ పడకుండా తెర మీద చెయ్యి అడ్డం పెట్టి, ముఖం బాగా దగ్గరికి తెచ్చి చూసింది. చాలాసేపు చూసింది.

"ఈడుండాడు," అంది. "దీన్నే పెద్దది చేసి ఇయ్యన్నా. కండ్లు మాత్రం పెట్టొద్దు."