కారం లేని చిల్లీ

చిట్టీ, నా బిడ్డా, నువ్వు చనిపోయినప్పటి నుంచీ నీ పేరు ఎవరి ముందూ ఎత్తలేకపోయాను కదా. ఈ రోజు ఏం జరిగిందో విను తల్లీ.

ఇక్కడ దోహాలో నేను వంట చేసే ఇంటి మేడం పొద్దున డ్యూటీకి పోతూ, "అక్కా, రాత్రికి టర్కీ చిల్లీ చెయ్యి. సులువే" అంది.

"టర్కీ మిరపకాయలు యాడ తెచ్చేది మేడం? మన గుంటూరువి చాలవా?" అన్నాను.

ఆమె పడీ పడీ నవ్వింది. "మిరపకాయలు కాదక్కా, అది కూర పేరు. టర్కీ అంటే ఒక రకం కోడి. ఫ్రిజ్‌లో దాని కీమా ఉంది. రాజ్మా, టమాటా వేసి ఒకే గిన్నెలో ఉడికించెయ్యి."

కోడికి దేశం పేరేంది, కూరకు మిరపకాయ పేరేంది! ఎవరు పెట్టారో, ఇది చదివే మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.

సరే, చేశాను. నాలుకకు కారం తగిలితే నువ్వు ఏడ్చి, కూర మీద పెరుగు వేయించుకునేదానివి. ఆ అలవాటు కొద్దీ చిటికెడే కారం వేసి, పైన గడ్డపెరుగు పెట్టాను. రోజూ కంచం ముందు అలిగి కూర్చునే మేడం కూతురు ఈ రోజు మారు అడిగి పెట్టించుకుంది.

"పెద్దమ్మా, ఇట్లా పెరుగు వెయ్యడం నీకు ఎవరు నేర్పారు?"

"మా చిట్టి" అన్నాను. ఇన్నాళ్లకు నీ పేరు పైకి పలికాను.

"అయితే చిట్టికి నా థాంక్స్ చెప్పు."

చెబుతున్నాను తల్లీ, ఇదిగో. పాప తిన్నాక నేనూ కంచం నిండా పెట్టుకుని తిన్నాను.

ఇది చదివే మీరందరూ కూడా ఈ పూట కడుపునిండా తినండి.